మారుబాయి గొంతు ఎవరిది

కిందటేడు మా కంపెనీ ఆత్రం మారుబాయి అనే ఆవిడ ఫొటోను గోడంత ఎత్తున అచ్చువేయించి, దాని కింద "కొలామీ భాష చివరి గొంతు" అని రాయించింది. ఆ ఫొటో గోడకెక్కిన రోజున మారుబాయి కన్నతల్లి నిక్షేపంగా బతికే ఉంది. గోపన్‌పల్లిలో మారుబాయి ఉండే గల్లీలోనే పద్నాలుగు ఇళ్లలో కొలామీ మాట్లాడేవాళ్లున్నారు. ఆసిఫాబాద్ వైపు గూడేల్లో వేలమంది ఉన్నారు. ఆ మాట రాసినవాళ్లకు ఇదంతా తెలుసు. ఎందుకంటే నేనే చెప్పాను.

"చివరి అంటేనే జనం ఆగి చూస్తారండీ" అన్నాడు మా మేనేజరు అవినాష్.

నా పేరు ఉమాశ్రీ. మాది కాకినాడ. రాయదుర్గంలో ఒక పెద్ద భవనం తొమ్మిదో అంతస్తులో, కంప్యూటర్ల చేత మాట్లాడించే కంపెనీలో పనిచేస్తాను. మనుషుల చేత వాక్యాలు చెప్పించి రికార్డు చేస్తే, వాటిని విని యంత్రం ఆ భాష నేర్చుకుంటుంది. ఆ మనుషుల్ని వెతికి తేవడం నా ఉద్యోగం. మారుబాయి అదే అంతస్తులో హౌస్‌కీపింగ్ చేసేది. ఆమెను ఇందులోకి దింపింది నేనే కనుక ఆమెకు జరిగింది చెప్పాల్సిన బాధ్యతా నాదే.

మారుబాయికి నలభై ఆరేళ్లు. కొలాం గిరిజనుల గూడెంలో పుట్టింది. అడవికి పోయి వెదురు తెచ్చి బుట్టలూ తడకలూ అల్లి సంతలో అమ్ముకునే ఇల్లు. తొమ్మిదేళ్లప్పుడు ఆశ్రమ పాఠశాలలో వేశారు. మొదటివారంలోనే, దాహమై పంతులు దగ్గరికి పోయి "ఈర్" అని అడిగింది. కొలామీలో ఈర్ అంటే నీళ్లు. పంతులుకు అర్థం కాలేదా, అర్థమయ్యే కోపం వచ్చిందా, ఆమెకు ఇప్పటికీ తెలియదు. నీళ్లు అని తెలుగులో అడిగేదాకా ఎండలో నిలబెట్టాడు. ఆ మాట ఆమెకు రాదు. పక్క పిల్ల గుసగుసగా అందించేసరికి మధ్యాహ్నమైంది. నాలుగో తరగతితో బడి మానేసింది కానీ, తన మాట నోట్లోంచి బయటికొస్తే దెబ్బ పడుతుందన్నది మాత్రం మనసులో నాటుకుపోయింది.

పెళ్లయ్యాక మొగుడు భీంరావుతో కలిసి కూలిపనికి ఇటు వచ్చింది. ఈ చుట్టుపక్కల లేచిన భవనాల్లో ఎన్నింటికి ఇటుక మోసిందో ఆమెకే లెక్క లేదు. భీంరావు ఇప్పుడు ఒక గేటు దగ్గర సెక్యూరిటీ. వాళ్లకు ఒక్కతే కూతురు, భవాని. అది పుట్టినరోజునే మారుబాయి ఒట్టు పెట్టుకుంది, బిడ్డతో ఒక్క కొలామీ మాట కూడా మాట్లాడనని. పందొమ్మిదేళ్లు ఆ ఒట్టు తప్పలేదు. మొగుడూ పెళ్లాలు తమలో తాము కొలామీలో మాట్లాడుకుని, పిల్ల గదిలోకి రాగానే తెలుగులోకి మారిపోయేవారు.

ఒకరోజు ఆఫీసు పాంట్రీలో ఆమె ఫోనులో తల్లితో మాట్లాడుతుంటే విన్నాను. సగం తెలుగులా ఉంది, కానీ అర్థం కాలేదు. ఏ భాష అని అడిగాను. తప్పు చేస్తూ దొరికినట్టు ఫోను పెట్టేసింది.

"కొలామీ, మేడం. ఇగ ఆఫీసుల మాట్లాడ."

ఆమె ఎందుకు భయపడిందో అడగాలని కూడా నాకు తట్టలేదు. ప్రాజెక్టుకు ఒక భాష దొరికిందన్న సంబరంలో ఉన్నాను. రికార్డు చేస్తాం, వస్తారా అని అడిగాను.

"గివి రికార్డు జేస్కొని ఏం జేస్తరు?"

"యాప్ చేస్తామమ్మా. పిల్లలు ఫోనులో చూసి కొలామీ నేర్చుకోవచ్చు."

"ఎవల పిల్లలు? మా పిల్లలా?"

"మీ పిల్లలే."

ఆ మాటకే ఒప్పుకుంది. నేను చెప్పింది అబద్ధమని అప్పుడు నాకు తెలియదు. తెలుసుకునే వీలు మాత్రం నా చేతిలోనే ఉంది. నాలుగు పేజీల ఇంగ్లీషు ఒప్పంద పత్రం ఆమె ముందు పెట్టి, "రికార్డింగుకు ఒప్పుకుంటున్నట్టు ఇక్కడ సంతకం చేయండి" అన్నాను. ఆమె ఒక్కో అక్షరం తెలుగులో దిద్దినట్టు రాసింది.

మూడు నెలలపాటు డ్యూటీ అయ్యాక రోజూ గంటసేపు అద్దాల గదిలో కూర్చునేది. మేమిచ్చిన వాక్యాలు ఎక్కడో ఎవరో తయారుచేసినవి. "విమానం ఆలస్యంగా వచ్చింది." "నా పాస్‌వర్డ్ మరిచిపోయాను." ఇవి కొలామీలో చెప్పమంటే ఆమె కడుపుబ్బ నవ్వేది. "మా గూడెంల ఎవలు మర్సిపోతరు మేడం పాస్‌వర్డు?" అనేది. ఆ వాక్యాలు ముగించాక తనకు తోచినవి చెప్పేది. వెదురు కొట్టినప్పటి నుంచి బుట్ట అంచు కట్టేదాకా ఒక్కో పనికీ ఉన్న మాట చెప్పింది. తెలుగులో వాటిని ఏమంటారని ఆమె అడిగితే సగానికి నాకే మాట తెలియదు. అంకెలు ఒక్కోద్, ఇందింగ్, మూందింగ్, నాలింగ్ అని నాలుగు దాకా వాళ్ల సొంతం, అయిదు నుంచి తెలుగు లెక్క. "గందుకే మాది వంకర తెలుగు అని ఎక్కిరిస్తరు. నాలుగు దాక మా లెక్క మాకుండె గదా, మల్ల మా మాట మాది గాదంటే ఎట్ల?" అంది ఒకసారి, మైకు ఆన్‌లో ఉండగానే.

ఒక సాయంత్రం కాగితం మీద "తల్లి బిడ్డను నిద్రపుచ్చుతూ ఏమంటుంది?" అని ఉంది. మారుబాయి నోరు తెరిచి ఆగిపోయింది.

"మా అమ్మ నాతోటి అన్నది యాదికుంది. నేను భవానితోటి ఒక్కనాడు అనలే" అని లేచిపోయింది.

ఆ రాత్రి కూతురితో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. తర్వాతి ఆదివారానికి మాత్రం గోపన్‌పల్లిలో ఇంటి ఓనరు ఎల్లమ్మను అడిగి, పైన డాబా మీద కొలాం ఇళ్ల పిల్లల్ని కూర్చోబెట్టింది. పదకొండు మంది వచ్చారు. వాళ్లతోపాటు భవాని కూడా కూర్చుంది, ముఖం ముడుచుకుని. "ఇన్నేండ్లు నాకెందుకు దాచినవ్?" అని తల్లిని అందరి ముందూ నిలదీసింది. మారుబాయి ఇంటిని 'ఎల్లా' అంటారని, చెట్టును 'మాక్' అంటారని పిల్లల చేత చెప్పించడం మొదలుపెట్టింది. యాప్ వచ్చేదాకా తనే నేర్పుదామని, తర్వాత పిల్లలు ఫోనులో చూసుకుంటారని ఆమె లెక్క.

యాప్ తయారైంది. ప్రారంభోత్సవం ఆడిటోరియంలో పెట్టారు. బయటి దేశం నుంచి అతిథులొచ్చారు. మారుబాయిని వేదికెక్కించాలని అవినాష్ ఒక పెట్టె తెప్పించాడు. అందులో నెమలి ఈకల టోపీ, పూసలు ఉన్నాయి. ఆమె టోపీ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిది మాది గాదు సార్. గోండోల్ల మొగోల్లు దండారి పండుగల ఆడేటప్పుడు కట్టుకుంటరు. ఆడిదాన్ని నేనెట్ల పెట్టుకుంట? ఆల్లు జూస్తె ఏమనుకుంటరు?"

"ఎవరు చూస్తారమ్మా ఇక్కడ? అతిథులకు అదంతా తెలియదు కదండీ. అయిదు నిమిషాలే."

"నాకు తెల్వదా మరి?"

టోపీ పెట్టెలో పెట్టేసి, ఒంటిమీద యూనిఫారంతోనే వేదికెక్కింది. అవినాష్ నావైపు ఎర్రగా చూశాడు. నేను తల దించుకున్నాను. ఆ పూట నేను చేసిన ఘనకార్యం అదొక్కటే.

తెర మీద యాప్ తెరిచారు. "మేము ఇంటికి పోతున్నాం" అన్న వాక్యం కొలామీలో పలకమని యంత్రానికి చెప్పారు. మారుబాయి గొంతు హాలంతా మోగింది. అచ్చం ఆమె గొంతే. అతిథులు చప్పట్లు కొట్టారు. మారుబాయి ముఖం మాడిపోయింది. తెలుగులో మేము, మనం ఉన్నట్టే కొలామీలోనూ రెండు మాటలున్నాయి. యంత్రం ఒకదానికి బదులు ఇంకోటి వాడింది. ఆ అతిథులందరినీ కలుపుకుని మనం ఇంటికి పోతున్నాం అంటోంది.

"మీ భాషలో రెండు మాటలు చెప్పండి" అని మైకు ఇచ్చారు. ఆమె తెలుగులోనే చెప్పింది.

"గా గొంతు నాదే. గా మాట నేననలే. తప్పు మాట నా గొంతుతోటి ఎందుకు జెప్పిస్తున్రు? రేపు మా పిల్లగాండ్లు ఇని, మారుబాయికే మాట రాదంటరు. ఇంగొకటి. ఆకరి దాన్నని గోడమీద రాసిన్రు. మా అమ్మ సచ్చిపోయిందని ఎవలు జెప్పిన్రు మీకు? మా గల్లీలున్నోల్లు మనుషులు గారా? గీ యాప్ మా పిల్లలకిస్తమన్నరు. ఎన్నడిస్తరు?"

అవినాష్ నవ్వుతూ ముందుకొచ్చి, ఇంగ్లీషులో "ఆమె చాలా ఉద్వేగంలో ఉన్నారు" అని చెప్పి మైకు తీసేసుకున్నాడు. మళ్లీ చప్పట్లు.

మూడోరోజు కాంట్రాక్టరు మనిషి వచ్చి, రేపటినుంచి ఈ బిల్డింగుకు రావద్దని ఆమెతో చెప్పాడు. కారణం అడిగితే పైనుంచి మాట అన్నాడు. ఆమె చీపురు గదిలో పెట్టి, యూనిఫారం మడిచి ఇచ్చి, నా దగ్గరికొచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నేను సంతకం జేసిన కాయితం సదివి జెప్పు. మొత్తం."

మెట్రో స్టేషను కింద టీకొట్టు దగ్గర కూర్చున్నాం. నాలుగు పేజీలూ వాక్యం తర్వాత వాక్యం తెలుగులో చెప్పాను. గంట పట్టింది. ఆమె గొంతు శాశ్వతంగా కంపెనీది. ఏ దేశంలోనైనా, ఏ పనికైనా, ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. వెనక్కి అడగడానికి ఆమెకు హక్కు లేదు. పిల్లలు, నేర్పడం అన్న మాటలు ఆ నాలుగు పేజీల్లో ఎక్కడా లేవు. యాప్ విదేశీ సంస్థ కోసం తయారుచేసిన నమూనా, జనానికి విడుదల చేసేది కాదు. నాకు కూడా ఇదంతా పూర్తిగా తెలిసింది ఆ టీకొట్టు దగ్గరే.

మారుబాయి అంతా విని అడిగింది: "గీ గంట అప్పుడెందుకు కూసోలే బిడ్డా?"

పనిలో తొందర అని అనబోయాను. ఆమె ముఖం చూశాక ఆ మాట నోటికి రాలేదు. కంపెనీ మోసం అని ఎంత కోపం తెచ్చుకున్నా, ఆ కాగితం ఆమె ముందుకు జరిపిన చేయి నాది.

ఆమె నాచేత కంపెనీకి ఉత్తరం రాయించింది. గోడమీది మాట తీసేయాలి, తప్పులు సరిచేయాలి, రికార్డింగులు ఒక ప్రతి పిల్లలకోసం ఇవ్వాలి. పద్నాలుగు ఇళ్లవాళ్లూ సంతకాలో వేలిముద్రలో వేశారు. భవాని స్వయంగా వచ్చి రిసెప్షన్‌లో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుంది. నెల తర్వాత గోడమీద "చివరి గొంతు" పోయి "అరుదైన గొంతు" వచ్చింది. క్షమించమన్న మాట లేదు. రికార్డింగుల గురించి, ఒప్పందం ప్రకారం కుదరదని రెండు లైన్ల జవాబు వచ్చింది. నన్ను అవినాష్ పిలిచి, "మీరు ఎవరి వైపండీ?" అన్నాడు. ఆమె వైపు అన్నాను. నన్ను వేరే ప్రాజెక్టుకు మార్చారు. ఉద్యోగం మానేశానని చెప్పుకుంటే గొప్పగా ఉండేది. మానలేదు. ఇంటి కిరాయి, తమ్ముడి చదువు అని నాకు నేను చెప్పుకునే కారణాలున్నాయి. మారుబాయిని రోడ్డున పడేసినప్పుడు ఆమె కారణాలు ఎవరూ అడగలేదు.

ఉత్తరానికి జవాబు వచ్చిన ఆదివారం నేను డాబా మీదికి వెళ్లాను. రెండు లైన్లూ చదివి చెప్పాను. మారుబాయి కాసేపు కంపెనీని కొలామీలో తిట్టింది. పిల్లలు పగలబడి నవ్వారు. భవాని ఆ తిట్లు కూడా నోట్‌బుక్‌లో తెలుగు లిపిలో రాసుకుంది.

"ఆల్లు నా మాటలు దీస్కపోయిన్రు గని, నా నోరు దీస్కపోలే. అన్నీ మల్ల జెప్త. రాస్కో" అంది మారుబాయి.

అలా మొదలైంది అసలు పని. ఆమె చెప్పడం, భవాని రాయడం, అనుమానం వస్తే గూడెంలో ఉన్న అమ్మమ్మకు ఫోను చేయడం. మొదటిసారి భవాని కొలామీలో పలికితే ముసలామె చాలాసేపు నవ్విందట. తర్వాత తనే రోజూ సాయంత్రం ఫోను చేయడం మొదలుపెట్టింది. మనవరాలిని వదలదు.

మారుబాయికి ఇప్పుడు కొండాపూర్‌లో ఒక హాస్టల్ వంటింట్లో పని. ఈ ఏడు ఎండాకాలంలో గోపన్‌పల్లిలో కట్టుబడి పని అయిపోయి, అయిదు కుటుంబాలు కొల్లూరు వైపు కొత్త సైటుకు వెళ్లిపోయాయి. పదకొండు మందిలో ఆరుగురే మిగిలారు. ఇక అంతే అనుకున్నాను. మారుబాయి అనుకోలేదు. ఆదివారం పొద్దున డాబా మీద చెప్పి, మధ్యాహ్నం కొల్లూరు రేకుల షెడ్లకు బస్సెక్కింది. రెండు వారాలకే మోకాళ్లు వాచాయి. మూడో వారం భవాని నోట్‌బుక్ తీసుకుని తనే బయలుదేరింది. పోయేముందు గడపలో నిలబడి తల్లిని ఒక మాట ఎలా పలకాలో అడిగింది. మారుబాయి చెప్పింది. భవాని తప్పు పలికింది. మళ్లీ చెప్పించింది. మళ్లీ తప్పు. బస్సు వెళ్లిపోతుందని పిల్ల గోల పెడుతున్నా, సరిగ్గా అనేదాకా మారుబాయి చేయి వదలలేదు.