ఇంకా జర గరుకున్నది

ఇమ్మానుయేల్‌కు ఉన్నది ఒకే ఒక్క జబ్బు: లోకంలో ఏ కట్టెనూ నున్నగా ఉందని ఒప్పుకోడు. అందరికీ జేబులో పెన్ను ఉండే చోట ఆయనకు మడిచిన ఉప్పుకాగితం ఉంటుంది. కట్టె కనబడగానే బొటనవేలితో నిమురుతాడు, కళ్లు మూసుకుంటాడు, "ఇంకా జర గరుకున్నది" అంటాడు. ఆ తర్వాత ఆ కట్టె దేవుడిదైనా దొరదైనా రుద్దుడే.

మానుకోటలో ఆయన పనిచేసే ఆఫీసులో పెద్దసారు బల్లను రుద్ది రుద్ది, దాని మీద పెట్టిన ఫైలు తనంతట తానే జారి కింద పడేదాకా తెచ్చాడు. చర్చిలో అందరూ తలలు వంచుకున్న వేళ వెనక బెంచీ నుంచి గర్రు గర్రుమని చప్పుడు. పాస్టరుగారు ఒక కన్ను తెరిచి, ఎలుకేమో అనుకుని మళ్లీ మూశారు. పక్కనే కూర్చున్న భార్య కల్పన, ఎలుకైనా బాగుండు అనుకుంది.

జనగామ పెళ్లిలో ఇంకా ఘోరం. అక్షింతలు వేయడానికి వంగినవాడు పీట అంచు తడిమి, "జర లెవ్వు బిడ్డా" అని పెళ్లికొడుకునే లేపాడు. తిరుగు ప్రయాణంలో కల్పన బస్సులో ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు తీసుకుని, ఈయనెవరో తనకు తెలియనట్టు కిటికీలోంచి చూస్తూ వచ్చింది.

అట్లాంటి మనిషికి ఈ మధ్య ఫోన్లో ఒక రేసుకారు కనబడింది. ఎప్పుడో అరవై ఏళ్ల కిందట ఉరికిన కారు, చుట్టకు నాలుగు చక్రాలు తగిలించినట్టుంటుంది. దాన్ని జానెడంత కట్టెతో చేసి గాడిలో ఉరికించాలని పిచ్చి పట్టుకుంది. చెక్క మీద గాడి, గాడికి అటూ ఇటూ రాగి పట్టీలు, కారు కడుపులో చిన్న మోటారు, గాడిలో దూరేందుకు కింద ఒక పుల్ల. చేతిలోని మీట నొక్కితే ఉరుకుతుంది, వదిలితే ఆగుతుంది, మలుపులో ఎక్కువ నొక్కితే ఎగిరిపడుతుంది. పాత తలుపు ముక్కలోంచి టేకు కారు తయారైంది. రుద్దడం ఒక్కటే మిగిలింది. అంటే ఏమీ కాలేదన్నమాట.

కల్పనకు ఒళ్లు మండింది. పక్క గల్లీలోనే ఉండే ఆమె తండ్రి లచ్చయ్యకు ఎండాకాలంలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మహదేవపూర్ దాకా బస్సు నడిపిన చెయ్యి. దవాఖానలో మెత్తటి బంతి ఒకటి ఇచ్చి, రోజూ పిసకకపోతే వేళ్లు అట్లాగే బిగుసుకుపోతాయని చెప్పి పంపారు. ఇంత బతుకు బతికి బంతులాడుకోవాల్నా అని లచ్చయ్య దాన్ని కిటికీలోంచి విసిరేశాడు. కుక్క పట్టుకుపోయింది. కొత్త బంతి కొనుక్కొస్తే ఆ కుక్కే ముందుగా వచ్చి కిటికీ కింద కూర్చుంది.

ఆ ఇంటికి అల్లుడు సాయంత్రం కాగానే కారు పట్టుకుని బయల్దేరాడు.

"గిది కారా, సుట్టనా?" అన్నాడు లచ్చయ్య.

"కారే మామా. నున్నగైందా లేదా జర సూడు."

లచ్చయ్య ఎడమచెయ్యి చాచాడు.

"గా చెయ్యి గేర్లేసింది మామా, దానికేం తెలుస్తది. ఇస్టీరింగు చెయ్యితోని సూడు."

తప్పులు పట్టడంలో లచ్చయ్యకు డిపోలోనే పేరు. ఎడమచేత్తో కుడిచేతిని మోసుకొచ్చి కారు మీద పెట్టాడు. బొటనవేలు కొంచెం కదిలింది. ముక్కు కాడ గరుకున్నదన్నాడు. అయితే నువ్వే రుద్దమని ఇమ్మానుయేల్ ఉప్పుకాగితం ఆ వేళ్ల మధ్య ఇరికించాడు.

మర్నాడు తోక కాడ గరుకు. ఆ మర్నాడు మళ్లీ ముక్కు. సుస్తీ మనిషితో చాకిరీ చేయిస్తున్నాడని కల్పన వాడకట్టంతా వినబడేలా తిట్టింది. చుట్టలాంటి కారు అరిగి అరిగి బీడీ అయింది. ఇంకొకటి చేశాడు. అదీ సన్నబడింది. టేకు ఇంత తొందరగా ఎట్లా అరుగుతోందో ఇమ్మానుయేల్‌కే అంతుబట్టలేదు.

ఒక ఆదివారం పొద్దున కల్పన వెనక వాకిట్లోకి పోయేసరికి భర్త మేకుతో కారును గీకుతున్నాడు. అద్దంలా మెరుస్తున్న కారును.

"ఏం చేస్తానవయ్యా?"

"గరుకు చేస్తాన."

లోకంలో ఇన్ని కట్టెలను నున్నగా రుద్దినవాడు ఆ మాట అనేసరికి ఆమె మేకునూ మొగుణ్నీ మార్చి మార్చి చూసింది.

"నునుపైతే మీ బాపు చెయ్యి ఎట్ల కదుల్తది?" అన్నాడు మెల్లగా. "బంతయితే పారేసిండు. తప్పు కనవడ్డదాన్ని పారేస్తడా ఆయన?"

కల్పన ఆ పూట చాయలో చక్కెర ఒక చెంచా ఎక్కువ వేసింది.

ఆ సాయంత్రమే మామ ఇంట్లో మంచం పక్కన గాడి పలకలు పరిచి, మీటను లచ్చయ్య కుడిచేతిలో పెట్టారు. వేళ్లు చుట్టుకున్నాయి. బొటనవేలు వణికింది, వంగింది, నొక్కింది. కారు కదిలింది. లచ్చయ్యకు సంతోషం ఆగలేదు, వేలూ ఆగలేదు. మొదటి మలుపులోనే కారు గాల్లోకి లేచి మంచం కిందికి దూరింది.

"గందుకే నేనెన్నడు నీ బస్సెక్కలే" అంది ఆయన భార్య పెంటమ్మ.

కారు కోసం కల్పన మంచం కిందికి వంగింది. మంచం కోడు పక్కన తుప్పు పట్టిన మేకు, దాని చుట్టూ గుప్పెడు టేకు పొట్టు. భర్త మేకు ఇంటి దగ్గరే ఉంది. ఇది ఎవరిదబ్బా అని తలెత్తితే, లచ్చయ్య ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు.

"బాపూ, గీ మేకేంది?" అంది గుసగుసగా.

"కారు పనైపోతే అల్లుడు రోజు వస్తడా బిడ్డా?" అన్నాడాయన ఇంకా మెల్లగా.

కల్పన మేకును ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టింది. కారు పట్టుకుని లేచి, బొటనవేలితో నిమిరి, కళ్లు మూసుకుంది.

"ఇంకా జర గరుకున్నది" అంది.

మామా అల్లుళ్లిద్దరూ ఒకేసారి చెయ్యి చాచారు. లచ్చయ్య చాచింది కుడిచెయ్యే.