రెజిన్ గట్టిపడేలోపు

పాలిషక్కకి పెళ్ళయిన పదకొండేళ్ళకి గాని మొగుడితో మాటలు మొదలవలేదు. తగాదా పడి మానేసిన మాటలు కావు, మొదట్నించీ లేవు, అంతే. ఆయన మంచివాడు. ఏనాడూ చెయ్యెత్తలేదు, మాట తూలలేదు. తూలడానికి ముందు మాటంటూ ఉండాలిగా! ఇంట్లో ఆయనకి వచ్చినవి రెండే మాటలు: "సరే", "చూద్దాం". పైపు కారుతోందంటే "చూద్దాం". నాకు జ్వరంగా ఉందంటే "సరే". కొత్తలో ఆమె ఏడ్చింది, తర్వాత తిట్టుకుంది, ఆ తర్వాత అలవాటు పడింది. గోడకి అలవాటు పడనివాళ్ళు ఎవరుంటారు?

ఆయన పని కార్బన్ ఫైబర్ సైకిళ్ళు బాగుచెయ్యడం. పందేల్లో తొక్కేవాళ్ళ సైకిళ్ళవి. ఎత్తడానికి రెండు వేళ్ళు చాలు, కానీ పడితే ఇనుములా సొట్టపోవు, పెంకులా పగులుతాయి. పగులు చుట్టూ పల్చగా అరగదీసి, నల్లటి కార్బన్ గుడ్డ ముక్కలు పొర మీద పొర పరిచి, రెజిన్ అనే జిగురుతో తడిపి, చుట్టూ టేపు బిగించి ఒక రోజు వదిలేస్తే అతుకు రాయి అవుతుంది. చుట్టుపక్కల ఆ విద్య తెలిసినవాడు ఆయనొక్కడే కాబట్టి అందరికీ ఆయన మాస్టారు. టైర్ల గోడౌన్ వెనక పొడవాటి గది ఆయన వర్క్‌షాపు. ఇంటి నుంచి రెండు వీధులు.

ఆమె అప్పటికి ఒక టైలరింగ్ షాపులో కటింగ్ చేసేది. ఓ మధ్యాహ్నం ఆయన మర్చిపోయిన క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళేసరికి, మాస్టారు కార్బన్ గుడ్డతో కుస్తీ పడుతున్నాడు. కత్తిరించిన ప్రతి ముక్కా అంచుల దగ్గర పోగులు ఊడి చీపురులా విచ్చుకుంటోంది. ఆయన కత్తెర పట్టుకున్న తీరు చూసి ఆమెకి ఒళ్ళు మండింది.

"ఇటివ్వండి. గుడ్డని గుడ్డలా చూడాలి గాని, రేకుని కోసినట్టు కోస్తారేంటి?"

గుడ్డని ఏటవాలుగా, క్రాస్‌గా తిప్పి ఒక్క ఊపున కోసి చేతిలో పెట్టింది. ఆ ముక్క ట్యూబు వంపు మీద ముడత లేకుండా చర్మంలా అంటుకుపోయింది. మాస్టారు దాన్ని చూశాడు, ఆమెని చూశాడు. "రేపు కూడా వస్తావా?" అన్నాడు. పదకొండేళ్ళలో ఆయన ఆమెని అడిగిన మొదటి ప్రశ్న అది. నెల తిరిగేసరికి టైలరింగ్ షాపుకి దణ్ణం పెట్టేసింది.

ఇక రెజిన్ సంగతి చెప్పాలి. డబ్బాలో ఉన్నంతకాలం అది తేనెలా బద్ధకంగా పడుంటుంది. పేపరు కప్పులోకి తూచి, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ తగుపాళ్ళలో పోసి, అంచులు గీకుతూ మూడు నిమిషాలు కలిపారా, గడియారం మొదలైనట్టే. అరగంట. ఆ అరగంటలో గుడ్డంతా తడవాలి, పొరల మధ్య గాలి బయటికి పోవాలి. తర్వాత కప్పు చేతిలో వేడెక్కుతుంది, రెజిన్ జెల్లీలా అవుతుంది, ఇంక బ్రహ్మదేవుడు దిగొచ్చినా దాన్ని కదపలేడు.

మాస్టారు నోరు విప్పేది ఆ అరగంటలోనే.

ఎందుకో ఎవరు చెప్పగలరు? చేతులకి పనుండాలి, కళ్ళు ట్యూబు మీద ఉండాలి, ఎదుటి మనిషి మొహం చూడక్కర్లేకుండా ఉండాలి, అప్పుడు గాని ఆ మనిషికి మాట పెగలదు. కప్పులో పుల్ల తిప్పుతూ మొదలుపెట్టేవాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న గొడుగులు బాగుచేసేవాడట. బళ్ళో పంతులు అడిగినదానికి జవాబు తెలిసీ చెప్పలేక తన్నులు తిన్నాడట. పెళ్ళిచూపుల్లో ఆమె తుమ్మిందట, అది విని నవ్వాపుకోలేక నీళ్ళు తాగే వంకతో బయటికి పోయాడట. "అప్పుడే చెప్పొచ్చుగా!" అని ఆమె పగలబడి నవ్వింది. "రెజిన్ లేదుగా అప్పుడు," అన్నాడాయన. మాస్టారు జోకులు కూడా వేస్తాడని లోకంలో ఆమెకి తప్ప ఎవరికి తెలుసు?

మూడో నెలలో ఒకరోజు, ఎర్ర ఫ్రేము మీద నాలుగో పొర వేస్తూ, ఆమె కడుపులోనే పోయిన బిడ్డ మాట ఎత్తాడు. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ పలకని సంగతి అది. ఆ రోజు ఆస్పత్రి మెట్ల కింద, స్కూటర్లు పెట్టేచోట కూర్చుని ఏడ్చానన్నాడు. పేరు కూడా అనుకున్నానన్నాడు. ఆ పేరు చెప్పాడు. అది వాళ్ళిద్దరిదీ, మనకెందుకు? ఆమె కళ్ళు తుడుచుకోడానికి లేదు, వేళ్ళనిండా రెజిన్. ఇద్దరూ అలాగే ఏడుస్తూ అయిదో పొర పరిచారు. ఆ అతుకు ఆయన జీవితంలో వేసినవాటిలోకెల్లా నున్నగా వచ్చింది.

ఆమె వేళ్ళకి గ్లవ్స్ లేకపోవడం గురించి కూడా చెప్పాలి. మొదట్లో తొడుక్కునేది. "తీసేసి చూడు. గాలిబుడగ చేతికి తెలియాలి," అన్నాడు మాస్టారు. నిజమే, తెలిసింది. ఆయన వేలికి కూడా అందని బుడగ ఆమె వేలికి అందేది. "నీ వేళ్ళు బంగారం," అన్నాడోసారి. అంత మాట అన్నాక ఏ ఆడది గ్లవ్స్ తొడుక్కుంటుంది? పనయ్యాక థిన్నర్ గుడ్డతో చేతులు తుడుచుకుంటే జిగురంతా పోయేది. ఆయన ఇరవై ఏళ్ళుగా చేస్తున్నదీ అదే. ఆయనకేం కాలేదు.

అతుకు ఆరాక సాన పట్టి, వార్నిష్ కొట్టి, అద్దంలా మెరిపించే పని కూడా ఆమెదే అయింది. సైకిళ్ళవాళ్ళు "పాలిషక్కా" అని పిలవడం అప్పుడు మొదలైంది.

రెండో ఏడు వేళ్ళ సందుల్లో ఎర్రగా దద్దుర్లు లేచాయి. గిన్నెలు తోమే సబ్బు అనుకుని సబ్బు మార్చింది. తగ్గలేదు. ఓ నాలుగు రోజులు వర్క్‌షాపుకి వెళ్ళకపోతే తగ్గాయి. వెళ్ళగానే మళ్ళీ లేచాయి. దీనికి డాక్టరెందుకు? ఆమెకి అర్థమైపోయింది. అర్థమైంది కాబట్టే ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆయన ఇంటి దగ్గరే ఉండమంటాడు. ఇంటి దగ్గరంటే మళ్ళీ ఆ "సరే", ఆ "చూద్దాం". పైగా గ్లవ్స్ వద్దన్నది తనే అని ఆయన కుమిలిపోతాడు. ముంజేతులదాకా పాకాక పొడుగు చేతుల జాకెట్లు కుట్టుకుంది. టైలరింగ్ చేసిన మనిషికి దాచుకోడం ఒక పనా? ఆయన కంటపడుతుందని కొన్నాళ్ళు భయపడింది, తర్వాత ఆ భయమూ పోయింది. ఎదురుగా ఉన్న ఉప్పుడబ్బా కనపడక వంటింట్లో గంట వెతికే జాతి, పెళ్ళాం వేళ్ళ సందుల్లోకి ఏం చూస్తారు!

ఏడాదిన్నర దాచింది. ఒక పొద్దున లేచేసరికి కనురెప్పలు తెరుచుకోలేదు. మొహం పొంగి, ఊపిరి ఈలవేస్తోంది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు మాస్టారు.

డాక్టరమ్మ చేతులు తిప్పి చూసింది. "ఎన్నాళ్ళబట్టి?"

"ఒక వారమండీ."

"వారమా? నాతో ఆటలొద్దు."

ఆయన్ని మందులకి పంపించాక పాలిషక్క నిజం చెప్పింది. డాక్టరమ్మ తల పట్టుకుంది. థిన్నర్ జిగురుని తియ్యదట, చర్మంలోపలికి తోస్తుందట. "మొదటి నెలలోనే వచ్చుంటే చేతులు కాపాడుకుంటూ పని చేసుకునేవారేమో. ఇప్పుడు మీ ఒళ్ళు దానిమీద పగపట్టింది. ఇంక చచ్చేదాకా మరిచిపోదు. ఆ గది గుమ్మం కూడా తొక్కకండి."

గుమ్మం తొక్కలేదు. అది చాలలేదు. ఆయన చొక్కా ఉతికితే చేతులు బొబ్బలెక్కాయి. చొక్కాలు షాపులోనే వదిలి రావడం మొదలుపెట్టాడు. అక్కడే స్నానం చేసి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, వీధిలో కూడా ఎవరికీ తగలకుండా నడిచి వచ్చేవాడు. సానపట్టిన దుమ్ము చెవుల వెనకో గోళ్ళ సందుల్లోనో ఎక్కడో ఓ చోట మిగిలేది. పక్కన పడుకుంటే తెల్లారేసరికి ఆమె మెడ ఎర్రబడేది. ఆయన చాప ముందుగదిలోకి మారింది. మొగుడికి దూరంగా జరిగి కూర్చోవాల్సిన ఖర్మ పగవాళ్ళకి కూడా వద్దు.

ఒకరోజు మాస్టారు షాపు తాళంచెవి లేకుండా ఇంటికొచ్చాడు.

"ఇచ్చేశాను," అన్నాడు.

"ఎవరికి?"

"ఎవరో. పడవలు చేసేవాడు."

ఆమె నెత్తీనోరూ కొట్టుకుంది. వద్దంది, వెనక్కి తీసుకోమంది, నేను మా అక్క దగ్గరికి పోతాను మీరు పని మానకండి అంది. "చూద్దాం," అన్నాడాయన, అయిపోయింది. చేతి స్పర్శతో పగులు లోతు చెప్పగల మనిషి, సైకిళ్ళ షోరూములో టైర్లకి గాలి కొట్టే పనికి కుదిరాడు.

రెండు నెలల్లో ఆమె ఒళ్ళు తేటబడింది. చాప లోపలికి వచ్చింది. మనిషి జానెడు దూరంలో ఉన్నాడు, చెయ్యి చాస్తే తగులుతాడు. మాట మాత్రం లేదు. అసలు మొదట్నించీ లేకపోతే ఆమె బతికేసేది. బతికింది కూడా, పదకొండేళ్ళు. తీపి తెలిశాక నాలుక ఊరుకుంటుందా? పొద్దున లేస్తే ఆమెకి అదే ధ్యాస, ఈ మనిషి చేత మళ్ళీ ఎలా మాట్లాడించాలి అని.

చేతులకి పనివ్వాలని తట్టింది. బఠానీలు తెచ్చి ఒలవమని పళ్ళెం ముందు పెట్టింది. ఆయన బుద్ధిగా ఒలిచాడు. మర్నాడు చిక్కుముడి పడిన ఉన్ని ఇచ్చింది, విప్పాడు. కుర్చీ కాలు ఊడగొట్టి, అవును, తనే ఊడగొట్టి, బాగుచెయ్యమంది. మేకుతో బిగించాడు. ఒక్క మాట రాలేదు. వారం పాటు వాళ్ళింట్లో బఠానీలే కూర. ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఆమెకి మాత్రం గుండె తరుక్కుపోయేది.

ఓ ఆదివారం మధ్యాహ్నం, మళ్ళీ పళ్ళెం మధ్యన పెట్టుకుని కూర్చున్నప్పుడు ఆగలేకపోయింది.

"ఏమండీ, నేనంటే కోపమా? నా వల్లే కదా పని పోయింది. తిట్టండి పోనీ. ఏదో ఒకటి అనండి. ఈ ఇంట్లో నాకు ఊపిరాడటం లేదు."

మాస్టారు కాయ చీల్చాడు. గింజలు రాల్చాడు. పళ్ళెంలోకే చూస్తూ, షాపులో మాట్లాడినట్టే నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"నీ వేళ్ళ సందులు ఎర్రబడటం నేను మొదటి వారంలోనే చూశాను."

ఆమెకి అర్థం కాలేదు. "ఎప్పుడు?"

"ఆ నీలం ఫ్రేము చేసినప్పుడు. నాకు పని నేర్పినాయనకీ సరిగ్గా అలాగే మొదలైంది. అక్కణ్ణుంచే. ఆయన పని మానుకోవాల్సొచ్చింది. చూడగానే తెలిసింది నాకు, అదేంటో."

"తెలిసి..."

"చెప్తే మర్నాటి నుంచి నువ్వు రావు. మళ్ళీ ఆ గదిలో నేనొక్కణ్ణే. ఈ ఫ్రేమయ్యాక చెప్దాం అనుకున్నా. అదయ్యాక ఇంకోటి. నువ్వు పొడుగు చేతుల జాకెట్టు వేసుకొచ్చిన రోజు, ఇంక ఇవాళ చెప్పి తీరాలి అనుకున్నా. కప్పులో పుల్ల తిప్పడం మొదలెట్టా. నువ్వు మా నాన్న సంగతి అడిగావు. అది చెప్తూ కూర్చున్నా." గింజ ఒకటి నేలమీదికి దొర్లితే తీసి పళ్ళెంలో వేశాడు. "నీ చెయ్యి అలా అవుతోంటే నేను కబుర్లు చెప్పుకుంటున్నా. వింటున్నావు కదా అని. ఇప్పుడు నోరు తెరిస్తే ముందు ఇదే వస్తుంది. అందుకే తెరవలేదు."

ఇంట్లో ఆయన అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. పధ్నాలుగేళ్ళుగా ఏ దేవుణ్ణి ఏమడిగిందో అది ఇచ్చాడు దేవుడు, ఈ రూపంలో. డాక్టరమ్మ మాట ఆమె చెవుల్లో మోగింది. మొదటి నెలలో వచ్చుంటే. తను రాకపోవడం సరే, ఇంతదాకా వస్తుందని తెలియక చేసిన పని. ఈయనకి ఎందాకా వస్తుందో కూడా తెలుసు.

మాస్టారు ఒలవడం ఆపేసి, జీవితంలో మొదటిసారి, మాట్లాడుతూ మాట్లాడుతూ తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి. ఏం పడినా పడటానికి సిద్ధంగా ఉన్నాడు.

నేనూ అందుకే దాచానండీ, మీ మాటల కోసమే దాచాను. ఈ ఒక్క ముక్క అంటే ఆయన గుండెల మీది బరువు సగం దిగిపోయేది. ఆ సంగతి ఆమెకి తెలుసు. అనలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాతెప్పుడూ అనలేదు.