గోపయ్య సారు ఊరుకోడు

గోపయ్య సారుకు ఒక్కటే జబ్బు. ఎవరైనా తమ గోడు చెప్పుకుని ఊపిరి పీల్చుకునేలోపే "ఇంకేమన్న ఉన్నదా?" అంటాడు. అవతలివాళ్ళు "ఏం లేదు" అనేదాకా వదలడు.

ఈ జబ్బును ఆయనకు అంటించింది ఒక మీటరు. షాద్‌నగర్‌లో ఆయన పనిచేసే ఫ్యాక్టరీ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలకు పవర్ సప్లై పెట్టెలు చేసేది. తొంభై మూడులో వాటి పరీక్షకు కంప్యూటర్ చెప్పినట్టు వినే మీటరు తెచ్చారు. తప్పు జరిగితే అది తనంతట తాను చెప్పదు, లోపల వరసగా దాచుకుంటుంది. అడిగితే ఒక్కటి చెబుతుంది, అదీ పాతది ముందు. తెర మీద "తప్పులేమీ లేవు" అని వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి. పరీక్షల విభాగానికి పెద్ద గోపయ్య సారే కనుక ఆ పద్ధతి ఆయన నెత్తికెక్కి కూర్చుంది.

అక్కడితో ఆగినా బాగుండు, ఇంటికి కూడా పట్టుకుపోయాడు. ఒకనాడు భార్య లీలమ్మ "బియ్యం అయిపోయినయి" అంది.

"ఇంకేమన్న ఉన్నదా?"

"పెండ్లిల మా మేనమామకు కుర్చీ ఎయ్యలే మీవోళ్ళు," అని మొదలుపెట్టింది ఆ ఇల్లాలు. రెండు పూటలు గడిచినా మొదటి కాన్పు దాకా కూడా రాలేదు. సారు మాత్రం ఓపిగ్గా అడుగుతూనే ఉన్నాడు.

ఫ్యాక్టరీలో అన్వరీ బేగంకు ఆ ప్రశ్న వింటేనే ఒళ్ళు మండేది. మీటరు ముందు కూర్చుని అంకెలు కొట్టే పని ఆమెది. ఆయన అడుగుతూ కూర్చుంటే లైను ఆగుతుంది, ఆగితే మాట పడేది ఆమె. ఇంకోసారి ఆగితే పనిలోంచి తీసేస్తానని మేనేజర్ అప్పటికే చెప్పేశాడు.

సరుకు చూసుకోవడానికి కొనేవాళ్ళు వచ్చిన రోజే మీటరు ఎర్రదీపం వేసుకుని బిగుసుకుపోయింది. మేనేజర్ ఉరికొచ్చాడు.

"స్విచ్ బంద్ చేసి మళ్ల వెయ్యుండ్రి."

"బంద్ చేస్తే అది చెప్పేటిదంత పోతది సార్," అంటూ గోపయ్య సారు చెయ్యి అడ్డం పెట్టి, మీట నొక్కాడు. తెర మీద మొదటి తప్పు వచ్చింది: ఇచ్చిన అంకె హద్దు దాటింది.

"ఇగో, ఈమె తప్పే. రేపటిసంది రావద్దను," అన్నాడు మేనేజర్.

పొద్దున అన్వరీ ఐదుకు బదులు యాభై కొట్టింది నిజమే. మీటరు ఒప్పుకోకపోతే వెంటనే దిద్దుకుంది కూడా.

"పాతది ముందొస్తది. అది పొద్దటిది సార్," అన్నాడు గోపయ్య సారు. " నేను వచ్చినోళ్ళ ఎంబడి ఉంటి, దాన్ని ఎవ్వరడగలే. ఇంకేమన్న ఉన్నదేమో చూద్దాం."

"టైం లేదయ్యా."

ఆయన మళ్ళీ నొక్కాడు: లోపల వేడి ఎక్కువైంది. మళ్ళీ నొక్కాడు: తప్పులేమీ లేవు. వెనక మూత తీస్తే ఫ్యాను దుమ్ముకొట్టుకుని ఆగిపోయి ఉంది. తుడిచి, చల్లారనిచ్చాక మీటరు బుద్ధిగా నడిచింది. మేనేజర్ వచ్చినవాళ్ళను చాయ్‌కి తీసుకుపోయాడు.

గోపయ్య సారు కదల్లేదు. అన్వరీ వైపు తిరిగాడు.

"ఇంకేమన్న ఉన్నదా?"

"ఏం లేదు సార్."

"మీటరు ఏం లేదంటే నమ్ముత. నువ్వు అంటే నమ్మ. చెప్పు."

ఆమెకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. "కండ్లు ఆనుతలేవు సార్. అంకెలన్ని మసక మసక. చెప్తే తీసేస్తరని చెప్పలే."

"మీటరు సరిగ్గ చూస్తుందా లేదా అని ఏడాదికోసారి కాలిబ్రేషన్‌కు పంపుతం. నీ కండ్లను ఎన్నడన్న పంపినమా? రేపు కండ్ల దవాఖానకు పో. సెలవు గాదు, డ్యూటీ."

మర్నాడు ఖాళీ కుర్చీ చూసి మేనేజర్ అన్వరీ ఏదని అడిగాడు.

"కాలిబ్రేషన్‌కు పోయింది సార్," అన్నాడు గోపయ్య సారు తల ఎత్తకుండా. మేనేజర్‌కు అర్థం కాలేదు గానీ, తల ఊపి వెళ్ళిపోయాడు.

కొత్త అద్దాలు పెట్టుకుని వచ్చిన రోజు అన్వరీకి తెర మీద అంకెలు ముత్యాల్లా కనబడ్డాయి. ఇన్నాళ్ళూ మనసులో తిట్టుకున్న మనిషి పక్కనే నిలబడి ఉంటే, ఆయన్నీ ఓసారి కళ్ళారా చూసింది.

"సార్, అంగి గుండీలు కిందమీద పెట్టుకున్నరు."

ఆయన తడుముకుంటుండగా ఆమెకు ఊరుకోబుద్ధి కాలేదు. "చెప్పులు గూడ జోడు గావు సార్."

గోపయ్య సారు ఆ ఒక్కనాడు ఇంకేమీ అడక్కుండా గబగబా తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.