రాయి అడ్డం పెట్టని బండి

నర్సరీ అక్కచెల్లెళ్లిద్దరిదీ, పెత్తనం మాత్రం బావగారిది. మొక్కలు పెంచడం అక్క పని. వాటిని పికప్‌లో ఊరంతా చేరవేయడం చెల్లెలి పని. ఎవరేం చేయాలో చెప్పడం ఆయన పని, అందులో ఆయనకు అలుపన్నదే లేదు.

నిన్న వాలులో నిలిపిన పికప్ తనంతట తానే వెనక్కి జారి, పేర్చిన మట్టికుండీల మీదికెక్కింది. మనుషులకేమీ కాలేదు గానీ కుండీలన్నీ పెంకులయ్యాయి.

"హ్యాండ్ బ్రేకు మర్చిపోయుంటావ్. ఇకనుంచి బండి మా తమ్ముడు నడుపుతాడు, తాళాలివ్వు" అన్నాడు బావగారు.

"వేశానండీ. లివరు పైదాకా వచ్చేస్తోంది, బ్రేకు పట్టడం లేదని ఎప్పుడో చెప్పా. బాగు చేయించకుండా రాయి అడ్డం పెట్టుకోమన్నది మీరేగా!"

"ఆడలేక మద్దెల ఓడందిట!"

ఆమెకు ఒళ్లు మండింది. అంతకన్నా ఎక్కువగా గుచ్చుకున్నది అక్క మౌనం. లివరు సంగతి అక్కకూ తెలుసు, తెలిసీ నోరు మెదపలేదు. ఆ బండి చెల్లెలికి కూడు పెట్టడమే కాదు, నలుగురిలో తలెత్తుకు తిరగనిచ్చింది. తాళాలిస్తే రెండూ పోతాయి. చచ్చినా ఇవ్వకూడదనుకుంది.

ఇవాళ పొద్దున్నే చదునైన చోట ముందు చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, వెనక భాగాన్ని జాకీతో లేపి, స్టాండ్ల మీద దించి కిందికి దూరింది. పోయినేడు బావగారు తెచ్చిన మెకానిక్ కేబుల్ నట్టు బిగించి చేతులు దులుపుకున్నాడు. చక్రాల్లోని బ్రేకు డ్రమ్ముల జోలికే పోలేదు. పైన పటారం, లోన లొటారం! ఆమె లివరు దించి, కేబుల్ వదులు చేసి, డ్రమ్ము వెనక కంతలోంచి స్క్రూడ్రైవర్‌తో బ్రేకు షూలను దగ్గరకు జరిపే లోపలి పళ్లచక్రం తిప్పింది. బ్రేకు షూ డ్రమ్ముకు రాసుకునీ రాసుకోనట్టు ఉండాలి, టైరు చేత్తో తిప్పితే తిరగాలి. రెండోవైపూ అలాగే సర్ది, అప్పుడు కేబుల్ బిగించింది. లివరు సగం లాగేసరికి చక్రాలు బిగుసుకున్నాయి. దించితే మళ్లీ తేలిగ్గా తిరిగాయి.

బండి నిండా మట్టిబస్తాలు వేయించి, అదే వాలులో నిలిపి, గేరు తీసేసి హ్యాండ్ బ్రేకు లాగి దిగింది. బండి వెంట్రుకవాసి కదల్లేదు.

"ఇవాళ ఆగిందిలే, రేపటి మాటేంటి? తాళాలిటివ్వు" అన్నాడు బావగారు.

ఆమె తిన్నగా బండి వెనక్కి వెళ్లి, టైరుకు వీపు ఆనించి నేల మీద కూర్చుంది.

"లేవమ్మా! నీకేమన్నా పిచ్చా?"

"మీ తమ్ముణ్ణి ఇక్కడ కూర్చోమనండి, లేస్తా. లేదా ఇంకెప్పుడూ తాళాలడగనని చెప్పండి."

పనివాళ్లు పారలు వదిలేసి చోద్యం చూస్తున్నారు. బావగారు అటూ ఇటూ చూశాడు.

"సరే, అడగను. లే" అని గొణిగాడు.

ఆమె కదల్లేదు.

"నాకు వినపడలేదండీ" అంది మొక్కల దగ్గర్నుంచి వచ్చిన అక్క. "ఇంకాస్త గట్టిగా చెప్పండి."