గుమ్మంలో గురక

ఈ భూమ్మీద మా అమ్మమ్మలా నిద్రపోయే మనిషి ఇంతవరకూ పుట్టలేదు, ఇక పుట్టబోదు. నిద్రకు పతకాలిచ్చేటట్టయితే మా ఇంటి గోడలు చాలవు. పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరిచి, ఆయన పన్ను పీకేలోపే గురక మొదలుపెట్టిన ఘనత ఆమెది. బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడే నిద్రపోతుంది. స్టాపు రాగానే ఎవరో పిలిచినట్టు దిగిపోతుంది. నేను బడిలో నేర్చింది పెద్దగా లేదు గానీ, బెంచీ మీద కునుకు తీయడం మాత్రం ఆమె రక్తంలోంచి వచ్చిందే.

"అమ్మమ్మా, నిద్రపోతున్నావా?" అని అడిగితే, "లేదే, కళ్లను కాసేపు నీడలో ఉంచాను" అంటుంది.

అక్క బిడ్డను కని ఇంటికొచ్చాక ఈ విద్య మరీ ముదిరింది. అక్క పాపకు పాలివ్వడానికి కూర్చోవడం ఆలస్యం, అమ్మమ్మ తన చేతుల కుర్చీ ఈడ్చుకొచ్చి సరిగ్గా గది గుమ్మానికి అడ్డంగా వేసేది. కూర్చునేది. అంతే, గురక.

అక్కకేమో ప్రాణం విసిగిపోయింది. తన పాలే ఇవ్వాలని కడుపుతో ఉన్నప్పుడే పట్టుబట్టిన మనిషి. పాపను ఎలా పట్టుకోవాలో ఆసుపత్రిలో నర్సమ్మ ఓపిగ్గా నేర్పింది కూడా. కానీ ఇంటికొచ్చాక ఒకవైపు పాలిచ్చేటప్పుడు మంట, ఒకవైపు పాప ఏడుపు, రెంటినీ మించి చూడవచ్చేవాళ్ల సలహాలు. వాళ్లలో బావ మేనత్తది మొదటి వరస.

"పాలు చాలడం లేదేమోనమ్మా. పిల్ల ముఖం ఎలా పీక్కుపోయిందో చూడు" అనేది.

పాప బుగ్గలు బన్నుల్లా ఉన్నాయి. ఆ మాటకు పీక్కుపోయేది అక్క ముఖమే.

"ఇక నా వల్ల కాదే. రేపటి నుంచి డబ్బాపాలే" అంది అక్క నాతో, చూపు ఎటో పెట్టి.

ఆ మధ్యాహ్నమే మేనత్త పాలడబ్బాతో దిగింది. గుమ్మంలో కుర్చీ. కుర్చీలో అమ్మమ్మ.

"పిన్నిగారూ, కాస్త జరుగుతారా?"

గురక.

"పిన్నిగారూ..."

గురక పై స్థాయి అందుకుంది.

"లేపకండత్తా. మధ్యలో లేస్తే సాయంత్రందాకా అందరినీ తిడుతుంది" అన్నాను గదిలోంచి.

ఆవిడ పిల్లిలా వెనక్కి నడిచి, డబ్బా ఒళ్లో పెట్టుకుని హాల్లో కూర్చుంది. బావ టీవీ కట్టేశాడు. ఇల్లంతా గుసగుసల్లోకి దిగింది. కాసేపటికి అవీ ఆగిపోయాయి.

బయటికి దారి లేక నేను అక్క పక్కనే ఉండిపోయాను. పరదా నీళ్లలో ఉన్నట్టు మెల్లగా ఊగుతోంది. మంచం మీద ఎండ పాలమీగడలా పరుచుకుంది. కింది వాటాలో కుట్టుమిషను ఎవరి కలలోనో నడుస్తున్నట్టుంది. గది కూడా మాతోపాటు ఎక్కడికో తేలిపోతోందనిపించింది.

గురక ఆగింది.

"గుటక పడుతోంది. వినవే" అంది అమ్మమ్మ, కళ్లు తెరవకుండానే.

విన్నాం. ఒక చిన్న గుటక. ఒక ఊపిరి. మళ్లీ గుటక. ఇన్నాళ్ల సందడిలో అక్క ఆ చప్పుడు ఒక్కసారీ వినలేదు.

"తాగుతోందే" అంది, రహస్యం చెబుతున్నట్టు. "నా దగ్గరే తాగుతోంది."

పాప పిడికిలి పువ్వులా విచ్చుకుంది. బిగుసుకున్న అక్క భుజాలు కిందికి దిగాయి.

"మరి నొప్పో?" అన్నాను.

"ఉంది. రేపు నర్సమ్మకు చూపించుకుంటాలే. నువ్వు మాట్లాడకు, వినిపించడం లేదు."

మేనత్త తెచ్చిన పాలడబ్బా మూత తెరవకుండానే అటకెక్కింది. కుర్చీ మాత్రం, పాప పాకుతూ వచ్చి దాని కాళ్లు పట్టుకుని నిలబడేదాకా ఆ గుమ్మంలోనే ఉంది.

ఆ రోజుల్లోనే ఒకసారి కుర్చీ పక్కన చతికిలబడి అడిగాను.

"అమ్మమ్మా, ఇదంతా దొంగనిద్రేగా? నేను పుట్టినప్పుడు అమ్మకూ ఇలాగే కాపలా కాశావా?"

అమ్మమ్మ ఒక కన్ను తెరిచింది.

"నీ టైముకి అలసిపోయి నిజంగానే నిద్రపోయాను. అందుకే ఇలా తయారయ్యావు. తలుపు దగ్గరికి వేసి పో."