ఎర్రయ్య బావ చూసిన జపాను బొమ్మల కథ

తంతి నా చేతికందినప్పుడు నేను శ్రీకాకుళంలో ఎనిమిదో తరగతికి భూగోళం చెబుతున్నాను. మా అక్క భర్త చోడిపల్లి ఎర్రయ్య కళింగపట్నంలో కామెర్లతో కన్నుమూశాడని అందులో ఉంది. కిందటి నెలలోనే ఓడ దిగి ఇంటికి వచ్చిన మనిషి. నిండా నలభై రెండేళ్ళు లేవు. పిల్లల ముందు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాను. అక్షరాలు తెలిశాయి గాని అర్థం మనస్సుకు ఎక్కలేదు. పదో రోజు కర్మ కూడా ముగిశాక ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నాను.

ఆయన పండితుడు కాడు. ఐదో తరగతితో చదువు మాని, తండ్రితో కొన్నాళ్ళు చేపల వేటకు వెళ్ళి, తరువాత కలకత్తా చేరి సరుకుల ఓడలో వంటవాడయ్యాడు. అయినా అంతటి జిజ్ఞాసువును నేను మరొకరిని ఎరగను. ఏ వింత వస్తువు కంటబడినా, “ఇదెవులు సేసినారు? ఇలాగే ఎందుకు సేసినారు?” అన్నదే ఆయన మొదటి మాట.

టెలివిజన్ అనే యంత్రాన్ని నేనింతవరకు చూడలేదు. నాకు తెలిసినదంతా బావ చెప్పినదే. “రేడియోకి కిటికీ ఎట్టినట్టుంటాదిరా బామ్మర్దీ. లోపల మనుసులు తిరుగుతుంటారు,” అనేవాడు. యొకొహామా రేవులో నావికుల విడిది గృహంలో ఒక సాయంకాలం ఆయన అందులో ఒక బొమ్మల కథ చూశాడు. అందులో నటులు లేరు. చిత్రకారులు గీసిన బొమ్మలే కదులుతూ మాట్లాడేవి. వారానికొక భాగం చొప్పున పిల్లల కోసం ప్రసారమయ్యేది. ఒక జాలరి పిల్ల, ఆ పిల్ల తల్లి, కాలు విరిగిన ఒక కొంగ అందులోని పాత్రలు. పిల్ల తండ్రి వేటకు వెళ్ళి తుఫానులో మరణిస్తాడు. తల్లి ఇసుకలో కూలబడి విలపిస్తుంది. జపాను భాష రాకపోయినా, విడిదిని కనిపెట్టుకుని ఉండే వృద్ధురాలు సైగలతో చెప్పగా బావకు సర్వమూ బోధపడింది. “అది మన పేట కతేరా!” అన్నాడు నాతో.

ఆ తరువాత రెండేళ్ళపాటు ఓడ ఏ రేవులో ఆగినా ఆయన ఆ కథను వెదికాడు. అమెరికాలో ఒక రేవులో శనివారం ఉదయాన, ఇంగ్లీషు మాటలతో, నడుమ నడుమ బిస్కట్ల ప్రకటనలతో కనిపించింది. అక్కడ భాగాలను వరుస తప్పించి వేశారు. “ఒకవారం కొంగ ఎగిరిపోనాది. పై వారం దాని కాలిరిగినాది. సూసినోలెవులూ అడగరేటి?” అని ఆయన విస్మయం. సిడ్నీలో బడి విడిచే వేళకు, వార్తలకు ముందు వేసేవారు. ఇంగ్లీషులో పిల్ల పేరు మేరీ అయింది. ఏ రేవు, ఏ వారం, ఏ వేళ, కథలో ఏమి మారింది, ఇదంతా ఒక పుస్తకంలో రాసుకున్నాడు. నూనె మరకల మధ్య ఆ వంకర అక్షరాలు ఇప్పుడు నా ముందున్నాయి.

సిడ్నీలో తండ్రి చనిపోయిన భాగం వచ్చింది. అదే సముద్రం, అదే ఇసుక, అదే తల్లి. కాని ఇంగ్లీషు గొంతు మాత్రం, “నాన్న దూరదేశం వెళ్ళాడు, తిరిగి వస్తాడు,” అంటోంది. ఓడలో నేర్చిన ఇంగ్లీషు ఆ మాత్రం గ్రహించడానికి చాలింది. “ఏడుస్తన్న మొకానికి నవ్వుమాట అతికించినారురా. ఎవులు అతికించినారు?” అని, ఇంటికి రాగానే నన్ను కూర్చోబెట్టి ఆ టెలివిజన్ వారికి ఉత్తరం రాయించాడు.

“ఓడ వంటవాడు అడిగితే వాళ్ళు జవాబిస్తారా?” అని నేను నవ్వాను.

“ఇయ్యకపోతే అప్పుడు సూద్దుము. అడక్కండా ఎలా తెలస్తాది?”

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. చిత్రాలు అమెరికా నుండి ఇంగ్లీషు మాటలతోనే తమకు చేరాయనీ, కథలో తండ్రి మరణిస్తాడన్న సంగతి మీ ఉత్తరం చూశాకే తెలిసిందనీ ఆ కార్యక్రమం బాధ్యత చూసే ఆవిడ ఎంతో మర్యాదగా రాసింది. “సూసినావా, ఆలకే తెల్దు!” అని బావ ఆ ఉత్తరాన్ని పేటంతా తిప్పి చూపించాడు.

కిందటి వేసవిలో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. బావ ఇంటి పక్కనే పోలమ్మ ఉంటుంది. ఆమె పెనిమిటి మూడేళ్ళ కిందట వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. అండమాను పనికి వెళ్ళాడని ఆమె తన కూతురు గౌరికి చెబుతూ వచ్చింది. ఒక మధ్యాహ్నం బావ అరుగు మీద కూర్చుని పేట పిల్లలకు ఆ బొమ్మల కథ చెబుతున్నాడు. నేను పక్కనే ఉన్నాను. చేపల గంపతో పోలమ్మ గోడవార నిలబడి వింటోంది.

తొమ్మిదేళ్ళ గౌరి అడిగింది. “మావా, ఆల నాన్న సచ్చిపోనాడా, వస్తాడా? ఏది నిజం?”

బావ పోలమ్మ వైపు చూశాడు. “జపానోలు పోనాడన్నారు. సిడ్నీవోలు వస్తాడన్నారు. రెండూ సూసినాను. వచ్చినట్టు బొమ్మ మాత్రం నానెక్కడా సూడ్లేదమ్మీ.”

“మరి ఆలమ్మ?”

“రెండుసోట్లా ఏడుస్తన్నాది.”

“మాయమ్మా అంతే. నాన్న వస్తాడని సెప్తాది. సెప్పినప్పుడల్లా ఏడుస్తాది.”

పోలమ్మ గంప దించి వచ్చి పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. “రాడే అమ్మీ. మీ నాన్న రాడు. సంద్రంలో పోనాడు,” అంది. తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఎంతసేపు ఏడ్చారో చెప్పలేను.

“తప్పు సేసినానేట్రా?” అని బావ నన్నడిగాడు. పేటలో కొందరు ఆయనను నిందించారు కూడా. నెల తిరిగాక పోలమ్మే వచ్చి, “అన్నా, దానికిప్పుడు నిద్దర పడతన్నాది. నాకూను,” అని చెప్పి వెళ్ళిందని అక్క అంటే విన్నాను.

మొన్న పదో రోజున ఇల్లంతా బంధువులు. బావ కూతురు నూకాలుకు నాలుగేళ్ళు. నా చొక్కా పట్టుకుని, “నాన్నేడి?” అంది. ఉపాధ్యాయుణ్ణై ఉండి నేనన్నాను: “ఓడ మీదికెళ్ళాడమ్మా, వచ్చేస్తాడు.”

“అలాగనకండి మేస్టారూ!” అంది పోలమ్మ. ఆ గొంతుకు అందరూ తిరిగి చూశారు. ఆమె పిల్లను చంకనెత్తుకుంది. “మీ నాన్న సచ్చిపోనాడమ్మీ. ఇంక రాడు.”

పిల్ల ఆమె ముఖంలోకి చూసింది. “సచ్చిపోడవంటే ఏటి? ఆకలేస్తాదా? సీకటుంటాదా?” అని అడుగుతూ పోయింది. పోలమ్మ తెలిసినదానికి తెలిసినంత చెప్పింది. తెలియనిదానికి, “నాకూ తెల్దమ్మీ,” అంది. ఇంత చదువు ఉండీ నేను అబద్ధమాడిన చోట ఆమె నిజం చెప్పింది. ఆ ధైర్యం ఆమెకు ఎవరి అరుగు మీద అబ్బిందో నాకు తెలుసు.

ఆయన ఆత్మకు శాంతి కలగాలని అందరూ అంటున్నారు. నాకు అలా ప్రార్థించాలని లేదు. మా బావ ఎక్కడ ఉన్నా అక్కడివాళ్ళను ఏదో ఒకటి అడుగుతూనే ఉండాలనీ, వాళ్ళు విసుక్కోకుండా జవాబు చెప్పాలనీ చేతులు జోడిస్తున్నాను.