లిఫ్టక్క శనివారాలు

పనిలో అందరూ ఆమెను లిఫ్టక్క అనేవారు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు. ఆఫీసు భవనాల్లో లిఫ్టు ఆపాలంటే జనం లేని ఆదివారమే వీలు. అందుకని శనివారం మధ్యాహ్నం పనిముట్ల పెట్టె పట్టుకుని రైలెక్కడం, పొరుగూళ్ళో ఏదో లాడ్జిలో పడుకోవడం, ఆదివారమంతా బ్రేకులూ తీగలూ సరిచేసి ఇల్లు చేరడం ఆమెకు మామూలైపోయింది. సోమవారం పొద్దున్నే మళ్ళీ డ్యూటీ.

భర్త స్కూలు బస్సు డ్రైవరు. ఆయనా, బడికెళ్ళే కూతురూ ఇంటిపట్టున ఉండేది ఆ శని ఆదివారాలే. "ఒకే గదిలో వంతులవారీగా అద్దెకున్నట్టుంది మన కాపురం" అని ఆయన నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడే వెళ్ళి మేనేజరును అడిగింది. "వారం మధ్యలో ఒక్కరోజు సెలవిప్పించండి సార్. లేదంటే శనివారానికీ జీతమివ్వండి."

"రైల్లో కూర్చుంటావు, లాడ్జిలో నిద్రపోతావు. అది పనెలా అవుతుందమ్మా? ఆదివారం పనికి ఇస్తూనే ఉన్నాం కదా."

"అయితే శనివారమంతా నా సొంత టైమేనా?"

"నీదే. హాయిగా ఊరు చూసుకో."

ఇంటికొచ్చి ఆ మాట చెబుతూ విసుక్కుంది. కూరగాయలు తరుగుతున్న అత్తగారు కత్తిపీట పక్కకు జరిపి, "సొంత టైమేగా? మరైతే నన్నూ తీసుకెళ్ళవే. నేనింతవరకూ సముద్రం మొహం చూళ్ళేదు" అంది.

ఆ వారం వెళ్ళాల్సింది సముద్రమున్న ఊరికే. అత్తగారి టికెట్టు లిఫ్టక్క తన డబ్బుతోనే కొంది. సాయంత్రానికల్లా పెద్దావిడ చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, అల వచ్చినప్పుడల్లా చిన్నపిల్లలా కేకలేస్తోంది. లిఫ్టక్క ఫోను ఆవిడకిచ్చి, తాగడానికి నీళ్ళు కొనడానికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే మేనేజరు ఫోన్ చేశాడు. భవనం యజమాని లిఫ్టు గురించి మాట్లాడాలట, వెంటనే వెళ్ళి కలవాలట.

"ఇప్పుడు కుదరదు నాయనా, మేం సముద్రంలో ఉన్నాం. తర్వాత చెయ్యి" అని అత్తగారు పెట్టేసింది.

ఆ సంగతి ఆవిడ అలల సంబరంలో పడి మర్చిపోయింది. ఆదివారం లిఫ్టక్క అనుకున్న ప్రకారం పని పూర్తిచేసింది, లిఫ్టు చక్కగా నడిచింది. అయినా సోమవారం మేనేజరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"డ్యూటీ మీదెళ్ళి షికార్లేంటి? ఇంట్లోవాళ్ళని వెంటేసుకెళ్ళడమేంటి? కంపెనీ పంపిందంటే పిలవగానే వెళ్ళాలి!"

ముందు ఆమెకేమీ అర్థంకాలేదు. విషయం తెలిశాక అత్తగారి మీద కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ దిగమింగుకుని నెమ్మదిగా అడిగింది.

"శనివారం డ్యూటీయేనంటారా సార్?"

"కాకపోతే?"

అనేశాక గానీ ఆయనకు తన మాట తనకే వినబడలేదు. పక్క బల్ల దగ్గర జీతాల లెక్కలు చూసే ఆవిడ నవ్వాపుకుంటూ మొహం తిప్పుకుంది.

లిఫ్టక్క రెట్టించలేదు. మిగతా మెకానిక్కులను కూడగట్టుకుని, సాయంత్రం కంపెనీ యజమాని దగ్గరికే వెళ్ళింది. ఆయన చాలాసేపు గీచిగీచి బేరమాడాడు. చివరికి, శని ఆదివారాల్లో పొరుగూళ్ళో రాత్రి ఉండాల్సొస్తే వారం మధ్యలో ఒక రోజు సెలవు, ప్రయాణానికి సగం జీతం అని తేల్చాడు. పూర్తి జీతం సాధించలేకపోయామని ఆమెకు అసంతృప్తి మిగిలింది. పైగా ఇంట్లోవాళ్ళను తీసుకెళ్ళకూడదన్న షరతొకటి.

"ఇంకో రెండూళ్ళు చూశాక అడగొచ్చుగా, ఏం తొందరొచ్చింది?" అని అత్తగారు మూతి ముడుచుకుంది.

మొదటి సెలవు రోజు మధ్యాహ్నం దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది లిఫ్టక్క. లేచి మొహం కడుక్కుని కూతురి బడికి వెళ్ళింది. టీచరు గేటు దగ్గర ఆపి, "మీరెవరండీ?" అని అడిగింది.

"మా అమ్మ!" అంటూ పిల్ల పరుగెత్తుకొచ్చింది. దారి పొడుగునా తల్లి చెయ్యి పట్టుకుని, ఒక్కో స్నేహితురాలినీ ఆపి మరీ చూపించింది.